హై ఎండ్ గ్రాఫిక్స్ కార్డు కొనేముందు, కొన్నాక: తిరుపతి, చిత్తూరు గేమర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన తిరుపతి, చిత్తూరు పక్క పిల్లకాయలు గేమింగ్ పీసీ కట్టుకునేటప్పుడు పదే పదే అడిగేవన్నీ ఒకచోట పెడదామని రాస్తున్నా. ఎక్కువగా ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090, 5080, 5070 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ లాంటి పెద్ద కార్డుల గురించే ఉంటాది. రివ్యూలు చూడండి, తప్పకుండా చూడండి, కానీ ఆ రివ్యూ చేసినాయన 21 డిగ్రీల ఏసీ గదిలో, నిలకడైన సప్లై మీద, ఓపెన్ బెంచ్‌లో (కేబినెట్ లేకుండా బయట) పెట్టి కొలిచుంటాడు, మన కార్డేమో మే నెలలో మిద్దె మీద గదిలో పని చెయ్యాలి. అందుకే కార్డు మంచిదా కాదా అన్నదానికి అసలు జవాబు మీ గదిలో, మీ మానిటర్ మీద, కొన్న మొదటి వారంలో దొరుకుతాది. ఆ వారాన్ని ఎట్లా వాడుకోవాలో చెప్పడమే ఈ పేజీ పని.

అన్నా, డబ్బులు సర్దుకున్నా. 5090 తీసుకోనా, 5080 చాలా, లేకపోతే 5070 టీఐతో సరిపెట్టుకోనా?

ముందు లెక్క చూడండి. 2025 మొదట్లో ఎన్విడియా మన దేశానికి చెప్పిన స్టార్టింగ్ ధరలు ఇవి: 5090కి 2,14,000, 5080కి 1,07,000, 5070 టీఐకి 80,000 రూపాయలు. షాపులో అడిగితే మోడల్‌ని బట్టి, స్టాక్‌ని బట్టి ఇంతకంటే ఎక్కువే చెప్తారు, అందులోనూ 2025 చివర్నుంచి మెమరీ చిప్స్ రేట్లు ఎక్కడికో పోయినాయి కాబట్టి ఆ రోజు రేటు ఆ రోజే కనుక్కోండి. కానీ పోల్చుకోడానికి ఈ నంబర్లు బాగా పనికొస్తాయి.

5090లో 21,760 క్యూడా (CUDA) కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న యూనిట్లు, 32 జీబీ జీడీడీఆర్7 మెమరీ, 512 బిట్ బస్ (మెమరీకి పోయే దారి వెడల్పు). 5080లో 10,752 కోర్లు, 16 జీబీ, 256 బిట్. అంటే కాగితం మీద అన్నీ డబుల్, రేటు కూడా సరిగ్గా డబుల్. గేమ్‌లో మాత్రం డబుల్ రాదు. 4కే స్క్రీన్ మీద 5090 దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా ఉంటాది, 1440పీ స్క్రీన్‌కి దిగితే ఆ తేడా ఇంకా తగ్గిపోతాది, ఎందుకంటే అక్కడ ప్రాసెసర్ అడ్డం పడడం మొదలుపెడతాది.

ఇంక 5080కీ 5070 టీఐకీ మధ్య చూస్తే, కోర్లు 20 శాతం ఎక్కువ, మెమరీ రెండింటికీ అదే 16 జీబీ, రేటు మాత్రం 34 శాతం ఎక్కువ, ఆడేటప్పుడు వచ్చే తేడా 15 శాతం దగ్గర్లో. నన్నడిగితే 1440పీ హై రిఫ్రెష్ మానిటర్ ఉన్నోళ్ళకి, 4కేలో అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించడం) వాడుకోడానికి అభ్యంతరం లేనోళ్ళకి 5070 టీఐ చాలా మంచి కార్డు. 5090 ఎవరికంటే 4కే 240 హెర్ట్జ్ మానిటర్ ఇప్పటికే ఇంట్లో ఉండి, పాత్ ట్రేసింగ్ (వెలుగు, నీడలు నిజంలా లెక్కేసే మోడ్) ఆన్ చేసి ఆడాలని నిజంగా కోరిక ఉన్నోళ్ళకి, ఆ రేటు కట్టినాక కూడా మానిటర్, పీఎస్‌యూ (పవర్ సప్లై), ప్రాసెసర్‌కి డబ్బు మిగిలేవాళ్ళకి. కార్డుకే అంతా పెట్టేసి మిగతావన్నీ చీప్‌గా వేస్తే ఆ 5090 దాని సగం పని కూడా చెయ్యలేదు.

నా దగ్గర 4090 ఉండాది. 5090కి మారొచ్చా?

వద్దు. 4కేలో పాతిక ముప్పై శాతం పెరుగుతాది అంతే, కరెంటు కూడా 450 వాట్ల నుంచి 575 వాట్లకి పెరుగుతాది, అంటే 28 శాతం. రెండు చిప్‌లూ టీఎస్‌ఎంసీ ఒకే తరం 4ఎన్ ప్రాసెస్‌లో చేసినవి కాబట్టి ఒక్కో వాటుకి వచ్చే ఫ్రేమ్స్‌లో పెద్ద మార్పు లేదు. 24 జీబీ మెమరీ గేమ్స్‌కి ఇంకా చాలా రోజులు వస్తాది.

5070 కొంటే 4090 కొన్నట్టే అని స్టేజీ మీద చెప్పారు కదా, నిజమేనా?

2025 జనవరిలో సీఈఎస్ టెక్ షోలో ఎన్విడియా సీఈఓ జెన్సెన్ హువాంగ్ ఆ మాట చెప్పింది నిజమే. ఆ పోలికలో 5070 మల్టీ ఫ్రేమ్ జెనరేషన్ వాడతా ఉండాది. అంటే కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేమ్‌కి ఏఐతో మూడు ఫ్రేముల దాకా తయారు చేసి మధ్యలో పెడతాది. ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) మీటర్‌లో 200 కనిపిస్తాది కానీ మౌస్ కదిపితే స్పందించేది ఆ నిజం ఫ్రేముల్లోనే. నిజం ఫ్రేములు 30 ఉండి దాన్ని 120 చేస్తే చూడ్డానికి స్మూత్‌గా ఉంటాది, చేతికి మాత్రం బరువుగా తెలుస్తా ఉంటాది. నిజంగానే 70, 80 ఫ్రేములు వస్తా ఉండి దాని మీద వేస్తే మాత్రం చాలా బాగుంటాది, నేను ఆ ఫీచర్‌కి వ్యతిరేకం కాదు.

కాబట్టి ఏ రివ్యూలో గ్రాఫ్ చూసినా ముందు చూడాల్సింది ఫ్రేమ్ జెన్ ఆన్ లో ఉందా ఆఫ్ లో ఉందా అని, తర్వాత అప్‌స్కేలింగ్ ఏ మోడ్‌లో ఉందా అని. సైబర్‌పంక్ 2077లో పాత్ ట్రేసింగ్ పెట్టి ఏ సాయం లేకుండా 4కేలో ఆడితే 5090కి కూడా 30 ఫ్రేములు రావు, అదే గేమ్ డీఎల్‌ఎస్‌ఎస్ (ఎన్విడియా అప్‌స్కేలింగ్), ఫ్రేమ్ జెన్ అన్నీ పెడితే 200 దాటతాది. ఒకే కార్డు, ఒకే గేమ్. ఇంకోటి, 5070లో 12 జీబీ మెమరీ, 4090లో 24 జీబీ. ఫ్రేములు పుట్టించినంత మాత్రాన మెమరీ పెరగదు.

నా మానిటర్ 1080పీ 60 హెర్ట్జ్. కార్డు ముందు కొని మానిటర్ తర్వాత కొనొచ్చా?

తిప్పి చెయ్యండి. 1080పీ స్క్రీన్‌లో 20.7 లక్షల పిక్సెళ్ళు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 83 లక్షలు. పెద్ద కార్డుకి పని దొరికేది ఆ 83 లక్షల దగ్గర. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లే బొమ్మ మారుస్తాది, కార్డు 300 ఇచ్చినా మీ కంటికి చేరేది 60. మంచి 1440పీ మానిటర్, 5070 టీఐ కలిపి కొన్నోడు, 1080పీ మీద 5080 పెట్టుకున్నోడికంటే చాలా సంతోషంగా ఉంటాడు.

మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టండి, మదర్‌బోర్డు వెనక ఉండే హెచ్‌డీఎంఐకి కాదు. చిన్న విషయమే కానీ "కొత్త కార్డు వేసినా ఫ్రేమ్స్ పెరగలేదు" అని వచ్చేవాళ్ళని నేను ముందు అడిగేది ఇదే. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 అయినా 240 అయినా నిజంగా సెలెక్ట్ అయిందా చూడమంటా.

ప్రాసెసర్ బాటిల్‌నెక్ అవుతాదా, అంటే కార్డుని వెనక్కి లాగుతాదా?

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు నమ్మకండి. మీరే చూసుకోవచ్చు. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్క్రీన్ మీద జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) యూసేజ్ పెట్టుకోండి. గేమ్‌లో అది 97, 98 దగ్గర నిలబడితే కార్డు పూర్తిగా పని చేస్తా ఉన్నట్టు. 60, 70 దగ్గరే తిరుగుతా ఉంటే రిజల్యూషన్ తగ్గించి చూడండి, ఫ్రేములు ఏం పెరగకపోతే ప్రాసెసరే అడ్డం. వాలరెంట్, సీఎస్2 లాంటి గేమ్స్‌లో ఎప్పుడూ ప్రాసెసర్ మీదే ఆధారం, వాటి కోసం రెండు లక్షల కార్డు అక్కర్లేదు, ఆ డబ్బుతో రైజన్ 7 9800ఎక్స్3డీ లాంటి మంచి ప్రాసెసర్, ఒక మామూలు కార్డు వచ్చేస్తాయి.

16 జీబీ వీరామ్ (కార్డులోని మెమరీ) సరిపోతాదా?

ఇప్పటి గేమ్స్‌కి 4కేలో కూడా దాదాపు అన్నిచోట్లా సరిపోతాది. ఓవర్‌లేలో (గేమ్ మీద కనిపించే ఆ నంబర్లలో) 15 జీబీ చూపిస్తా ఉందని భయపడొద్దు, ఖాళీ ఉంటే గేమ్ ముందే తీసి పెట్టుకుంటాది, అంతా వాడతా ఉన్నట్టు కాదు. నిజంగా అయిపోతే ఎట్లా తెలుస్తాదంటే, యావరేజ్ ఫ్రేములు బాగానే ఉంటాయి కానీ ఉన్నట్టుండి బిగుసుకుంటాది, గోడల మీద టెక్స్‌చర్లు మైనం పూసినట్టు ఉండి రెండు మూడు సెకన్ల తర్వాత క్లియర్ అవుతాయి. 8 జీబీ కార్డుల్లో ఇది ఇప్పుడే కనిపిస్తా ఉండాది. ఇంత డబ్బు పెట్టేటప్పుడు 12 కంటే తక్కువ వద్దు, 16 ఉంటే ధైర్యం.

ఎన్విడియానా, ఏఎండీనా?

9070 ఎక్స్‌టీ 2025 మార్చిలో వచ్చింది, 16 జీబీ, 304 వాట్లు. మామూలు గేమ్స్‌లో 5070 టీఐకి దగ్గరగా వస్తాది, అమెరికాలో చెప్పిన ధర 599 డాలర్లు, 5070 టీఐకి 749. పాత ఏఎండీ కార్డుల్లో అప్‌స్కేలింగ్ బొమ్మ అంత బాగుండేది కాదు, దీంతో వచ్చిన ఏఎండీ కొత్త అప్‌స్కేలింగ్ ఎఫ్‌ఎస్‌ఆర్ 4తో ఆ లోటు చాలావరకు తీరింది. పాత్ ట్రేసింగ్‌లో, డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న గేమ్స్ లిస్టులో, బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) లాంటి పనుల్లో ఎన్విడియా ముందుంది. గేమ్సే ముఖ్యం, రే ట్రేసింగ్ మీద పెద్ద మోజు లేదు అంటే, మీకు దొరికే రేటులో పదిహేను వేలు తేడా ఉంటే కళ్ళు మూసుకుని ఏఎండీ తీసుకోండి. తేడా అయిదు వేలే అయితే 5070 టీఐ. 5080, 5090 స్థాయిలో ఏఎండీ నుంచి ఈ తరంలో పోటీ లేదు.

కార్డు పవర్ కనెక్టర్ కరిగిపోతాదని విన్నా. భయంగా ఉండాది.

భయం అక్కర్లేదు, జాగ్రత్త మాత్రం కావాలి. 2022 అక్టోబర్‌లో 4090 వచ్చిన కొద్ది రోజులకే ఆ 16 పిన్ కనెక్టర్లు కాలిన ఫొటోలు రావడం మొదలైంది. కారణం అర్థం చేసుకోవాలంటే చిన్న లెక్క వేసుకోండి. 575 వాట్లు 12 వోల్టుల మీద పోవాలంటే దాదాపు 48 యాంపులు కావాలి. ఆ కనెక్టర్‌లో 12 వోల్టు పిన్నులు ఆరు, అంటే ఒక్కో పిన్నులో 8 యాంపులు. ఆ సన్న పిన్ను తట్టుకునేది 9.5 యాంపుల దాకా. అంటే మార్జిన్ చాలా తక్కువ. కేబుల్ పూర్తిగా లోపలికి పోక రెండు పిన్నులు సరిగ్గా తగలకపోతే మిగతా నాలుగు పిన్నుల మీద బరువంతా పడి వేడెక్కుతాయి. తర్వాత వచ్చిన 12వీ-2ఎక్స్6 డిజైన్‌లో సెన్స్ పిన్నులు (కేబుల్ పూర్తిగా గుచ్చుకుందా లేదా చూసేవి) పొట్టిగా చేశారు, సగం గుచ్చితే కార్డు ఆన్ కాకూడదని. అయినా 5090 వచ్చాక కూడా వైర్ల మధ్య కరెంటు సమానంగా పంచుకోలేదని థర్మల్ కెమెరాతో చూపించినోళ్ళు ఉన్నారు.

మీరు చెయ్యాల్సింది: కార్డు కేబినెట్‌లో పెట్టకముందే కేబుల్ గుచ్చి చూడండి, అప్పుడు చేతికి బాగా అందుతాది. రెండు బొటనవేళ్ళతో గట్టిగా, నిటారుగా నొక్కండి. తర్వాత ఫోన్ టార్చి వేసి పక్కనుంచి చూడండి, కార్డు సాకెట్‌కీ కేబుల్ మూతికీ మధ్య గోరు పట్టేంత సందు కూడా ఉండకూడదు, పైన కొక్కెం ఎక్కి కూర్చోవాలి. కనెక్టర్ దగ్గర్నించి మూడున్నర సెంటీమీటర్లు కేబుల్ తిన్నగా ఉండాలి, ఆ తర్వాతే వంచాలి. గ్లాస్ డోర్ పెట్టేటప్పుడు అది కేబుల్‌ని నొక్కుతా ఉంటే ఆ కేబినెట్ మీ కార్డుకి సరిపోదని అర్థం. 9070 ఎక్స్‌టీ చాలా మోడళ్ళలో పాత 8 పిన్ కనెక్టర్లే ఉంటాయి, వాటితో ఈ తలనొప్పి లేదు.

పీఎస్‌యూ విషయానికొస్తే కంపెనీ చెప్పేది 5090కి 1000 వాట్లు, 5080కి 850, 5070 టీఐకి 750. ఏటీఎక్స్ 3.1 అని రాసుండి, 16 పిన్ కేబుల్ దానితోనే వచ్చేది తీసుకోండి. వేరే కంపెనీ పీఎస్‌యూ కేబుల్ ఇందులో పెట్టొద్దు, మూతి ఒకేలా ఉన్నా పీఎస్‌యూ వైపు పిన్నుల వరస వేరేగా ఉంటాది.

మా ఇంట్లో ఓల్టేజీ ఎక్కువ తక్కువ అవుతా ఉంటాది. యూపీఎస్ పెడితే చాలా?

ఎండాకాలం సాయంత్రం వీధిలో అందరూ ఏసీలు వేస్తే ఓల్టేజీ పడిపోయేది మనకి తెలిసిందే. మంచి పీఎస్‌యూ తక్కువ ఓల్టేజీని కొంతవరకు తట్టుకుంటాది, కరెంటు టక్కున పోయి రావడమే దానికి కష్టం. షాపులో దొరికే మామూలు 1 కేవీఏ యూపీఎస్ చాలావాటిలో 600 వాట్లే ఇస్తాది. 5090 సిస్టమ్ ఆడేటప్పుడు గోడ దగ్గర 700, 800 లాగుతాది, ఆ యూపీఎస్ బీప్ కొట్టి ఆగిపోతాది. వాట్లు చూసి కొనండి, కేవీఏ చూసి కాదు. ఇంటి ఇన్వర్టర్ మీద, ముఖ్యంగా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ నడపొద్దు.

అన్నిటికంటే ముందు ఎర్తింగ్ చూపించండి. కొర్లగుంటలో ఒక తమ్ముడు కొత్త కార్డు బాగలేదు, గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లగా పోతా ఉందని పిలిచాడు. పోయి కేబినెట్ వెనక స్క్రూ మీద టెస్టర్ పెడితే లైటు వెలుగుతా ఉండాది. చెప్పులు లేకుండా నిలబడి చెయ్యి ఆనిస్తే జివ్వుమంటాది, వాళ్ళమ్మ ఎప్పట్నుంచో చెప్తా ఉందంట. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూస్తే ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ వైరు అసలు కలిపే లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్సులో న్యూట్రల్ వదులుగా ఉండాది. అవి రెండూ సరి చేసినాక అదే కార్డు ఏ గొడవా లేకుండా నడిచింది. కార్డు వెనక్కి పంపేముందు ప్లగ్ పాయింట్ చూడండి, పీసీని ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద కాకుండా నేరుగా గోడకి పెట్టండి.

మన ఎండలకి ఈ కార్డు తట్టుకుంటాదా?

తట్టుకుంటాది, కానీ రివ్యూలో చూసిన టెంపరేచర్ రాదు. గది ఎంత వేడిగా ఉంటే కార్డు దాదాపు అంతే ఎక్కువ వేడెక్కుతాది. రివ్యూలో 21 డిగ్రీల గదిలో 70 చూపించిన కార్డు, బయట 41 డిగ్రీలు కొట్టి మన గది 36లో ఉంటే 85 దగ్గరికి పోతాది, లేదంటే ఫ్యాన్లు పిచ్చిగా తిరిగి దాన్ని కిందికి లాగుతాయి. 5090కి కంపెనీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు, అక్కడికి పోతే అదే స్పీడు తగ్గించుకుంటాది.

అందుకే నేను తిరుపతిలో కొనేవాళ్ళకి చెప్పేది, ఒకే చిప్‌లో పది వేలు ఎక్కువ పెట్టి ఓవర్‌క్లాక్ మోడల్ తీసుకోవడం దండగ, ఆ రెండు మూడు శాతం స్పీడు ఎండకే పోతాది. ఆ డబ్బు పెద్ద హీట్‌సింక్ ఉన్న మోడల్ మీద పెట్టండి, ముందర జాలీ ఉన్న కేబినెట్ మీద పెట్టండి. ముందర గ్లాసు పెట్టిన కేబినెట్లు చూడ్డానికి బాగుంటాయి, గాలి మాత్రం పోదు.

కార్డు తినే కరెంటంతా వేడిగా మారి గదిలోకే వస్తాది. 750 వాట్లు లాగే పీసీ అంటే గదిలో 750 వాట్ల హీటర్ పెట్టినట్టే. ఒక టన్ను ఏసీ తీసెయ్యగలిగే వేడి దాదాపు 3,500 వాట్లు, అంటే మీ ఏసీలో అయిదో వంతు టన్ను ఈ పీసీకే పోతాది. పదికి పది గదిలో ఒక టన్ను ఏసీ అంతంతమాత్రంగా చల్లబరుస్తా ఉంటే 5090 వచ్చాక తేడా బాగా తెలుస్తాది.

పవర్ లిమిట్ తగ్గిస్తే పర్ఫార్మెన్స్ పోదా?

చాలా కొద్దిగా పోతాది, వేడి మాత్రం బాగా తగ్గుతాది. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి పెట్టి ఆడి చూడండి, 5090 అయితే 575 నుంచి 460 వాట్లకి వస్తాది, ఫ్రేములు చాలా గేమ్స్‌లో అయిదారు శాతం తగ్గుతాయేమో, కంటికి తెలీదు. పెద్ద కార్డులన్నీ చివరి పది శాతం స్పీడు కోసం చాలా కరెంటు తినేలా ఫ్యాక్టరీలో సెట్ చేసి వస్తాయి. అండర్‌వోల్టింగ్ (చిప్‌కి ఇచ్చే ఓల్టేజీ తగ్గించడం) నేర్చుకుంటే ఆ అయిదు శాతం కూడా పోదు. నా లెక్కలో మన ప్రాంతంలో మార్చి నుంచి జూన్ దాకా ఇది పెట్టుకునే ఆడాలి.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతాది?

రోజుకి నాలుగు గంటలు, 750 వాట్లు అనుకుంటే నెలకి 90 యూనిట్లు. ఏపీఎస్‌పీడీసీఎల్ స్లాబుల్లో నెలకి 400 యూనిట్లు దాటినాక యూనిట్ 9.75 రూపాయలు. ఇంట్లో ఏసీ ఉండి ఎండాకాలం మీరు ఆ పై స్లాబులోనే ఉంటే, ఈ 90 యూనిట్లకి 880 రూపాయల దాకా, దాని మీద వేరే ఛార్జీలు. తక్కువ వాడే ఇంట్లో ఈ 90 యూనిట్లే మిమ్మల్ని పై స్లాబులోకి నెట్టొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి.

కార్డు నా కేబినెట్‌లో పడతాదా?

టేపు పెట్టి కొలవండి. పెద్ద కంపెనీల 5090లు 35 సెంటీమీటర్ల పొడవు, మూడున్నర స్లాట్ల మందం కూడా ఉంటాయి. కేబినెట్ స్పెక్‌లో 360 మిల్లీమీటర్లు పడతాది అని రాసినా ముందర రేడియేటర్, ఫ్యాన్లు పెడితే అందులో 50 మిల్లీమీటర్లు పోతాది.

యాడ కొనాలి? తిరుపతిలోనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనా, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనా, ఆన్‌లైన్‌లోనా?

తిరుపతి షాపుల్లో పెద్ద కార్డులు స్టాక్ పెట్టుకోవడం తక్కువ, అడిగితే చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పిస్తారు, రెండు మూడు వేలు ఎక్కువ పడొచ్చు. ఆ రెండు వేలు నేనైతే సంతోషంగా ఇస్తా, ప్రాబ్లమ్ వస్తే ఎదురుగా పోయి మాట్లాడడానికి మనిషుంటాడు కాబట్టి. చిత్తూరు, పలమనేరు వాళ్ళకి బెంగళూరు దగ్గర కాబట్టి ఎస్పీ రోడ్డుకి పోతారు, బాగుంటాది, రేట్లు నాలుగు షాపుల్లో అడగొచ్చు.

యాడ కొన్నా జీఎస్‌టీ బిల్లు కావాలి, బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ రాయించుకోవాలి, పెట్టె మీది నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా అక్కడే చూడాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే వద్దనండి, 18 శాతం మిగిలినట్టు కనిపిస్తాది కానీ మూడేళ్ళ వారంటీ పోతాది. దుబాయ్ నుంచో అమెరికా నుంచో చుట్టాలతో తెప్పించుకునేవాళ్ళు ఆ కంపెనీ వారంటీ ఇండియాలో చెల్లుతాదో లేదో ముందే రాతపూర్వకంగా కనుక్కోండి. ఆన్‌లైన్ అయితే పార్శిల్ సీల్ కనపడేట్టు మొదట్నుంచి కట్ లేకుండా వీడియో తీస్తా తెరవండి.

బెంగళూరులో మొత్తం పీసీ కట్టించుకుని బస్సులోనో కార్లోనో తెచ్చేవాళ్ళకి ఒక మాట. కార్డు బయటికి తీయించి దాని పెట్టెలోనే విడిగా తెచ్చుకోండి. రెండు కేజీలు దాటిన కార్డు స్లాట్‌కి వేలాడతా మొగిలి ఘాట్ దిగిందంటే, స్లాట్ దగ్గర కార్డు బోర్డు సన్నగా చీలిపోవచ్చు, అది కంటికి కూడా కనపడదు. ఇంట్లో కూడా కింద సపోర్ట్ స్టాండు పెట్టండి.

కొత్త కార్డు వచ్చింది. మొదటి వారం ఏమేం టెస్ట్ చెయ్యాలి?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఎందుకంటే షాపువాళ్ళు, ఆన్‌లైన్‌వాళ్ళు మార్చి ఇచ్చేది మొదటి కొన్ని రోజులే, ఆ తర్వాత సర్వీస్ సెంటర్ చుట్టూ వారాలు తిరగాలి.

ముందు డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ మొత్తం తీసేసి కొత్తది వెయ్యండి. తర్వాత జీపీయూ-జెడ్ తెరవండి, ఫ్రీగా దొరుకుతాది. అందులో ఆర్‌ఓపీలు (చిప్‌లో చివరి పిక్సెళ్ళు వేసే యూనిట్లు) అన్న గడి చూడండి. 5090కి 176 ఉండాలి, 5080కి 112, 5070 టీఐకి 96. 2025 ఫిబ్రవరిలో కొన్ని కార్డులు ఎనిమిది ఆర్‌ఓపీలు తక్కువతో బయటికి వచ్చాయని తేలింది, అది నిజమేనని, అలాంటివి అర శాతం ఉంటాయని, యావరేజ్‌గా 4 శాతం స్పీడు తగ్గుతాదని ఎన్విడియానే ఒప్పుకుని మార్చి ఇస్తామంది. ఆడేటప్పుడు ఆ 4 శాతం ఎవరికీ తెలీదు, ఆ గడి చూస్తేనే తెలుస్తాది. పాత స్టాక్ కొనేటప్పుడు తప్పకుండా చూడండి. అదే కిటికీలో బస్ ఇంటర్‌ఫేస్ దగ్గర ఎక్స్16 ఉండాలి. ఎక్స్8 చూపిస్తే కార్డు సరిగ్గా కూర్చోలేదు, లేదా రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టిన ఎం.2 స్లాట్ కార్డు లేన్లు (డేటా దారులు) తీసుకుంటా ఉండాది, మదర్‌బోర్డు మాన్యువల్‌లో రాసుంటాది.

తర్వాత త్రీడీమార్క్‌లో స్టీల్ నోమాడ్ అనే టెస్ట్ నడిపి, మీ కార్డు, మీ ప్రాసెసర్ ఉన్న మిగతావాళ్ళ స్కోర్లతో పోల్చండి. రెండు మూడు శాతం తేడా మామూలే, పది శాతం తక్కువుంటే ఎక్కడో ఏదో ఉన్నట్టు. పెయిడ్ వర్షన్‌లో స్ట్రెస్ టెస్ట్ ఉంటాది, అదే సీన్ 20 సార్లు తిప్పి మొదటి దానికీ చివరి దానికీ తేడా చూస్తాది, 97 శాతం పైన వస్తే పాస్. ఇది మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, కేబినెట్ తలుపులు మూసి, ఏసీ లేకుండా చెయ్యండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పాసయ్యేది పెద్ద గొప్ప కాదు.

చివరగా మీరు రోజూ ఆడే గేమే రెండు గంటలు ఆడండి. టెస్ట్ సాఫ్ట్‌వేర్ అన్నీ పాసైన కార్డు ఒక గేమ్‌లో కూలిపోయిందంటే ఆ గేమ్ లాగ్, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మార్చమని అడిగేటప్పుడు కావాలి. ఆడడం ఆపినాక పీసీ ఆఫ్ చేసి, స్విచ్ కూడా తీసేసి, పవర్ కనెక్టర్ మరోసారి టార్చి వేసి చూడండి, రంగు మారిందా, ప్లాస్టిక్ వాసన వస్తా ఉందా అని.

ఎఫ్‌పీఎస్ 120 చూపిస్తా ఉండాది, కానీ గేమ్ కుదుపులు కుదుపులుగా ఉండాది. ఎందుకు?

120 అనేది సగటు. 1 శాతం లో (low), అంటే అన్నిటికంటే నిదానమైన 1 శాతం ఫ్రేముల వేగం, అనే నంబర్ చూడండి, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి వాటితో కొలవొచ్చు. 120 ఫ్రేములంటే ఒక్కోటి 8.3 మిల్లీసెకన్లలో రావాలి. మధ్యలో ఒక ఫ్రేమ్ 60 మిల్లీసెకన్లు తీసుకుంటే సగటు పెద్దగా మారదు కానీ కంటికి అది దెబ్బే. సగటు 120, 1 శాతం లో 90 ఉన్న కార్డు, సగటు 140, 1 శాతం లో 50 ఉన్న కార్డు కంటే ఆడ్డానికి హాయిగా ఉంటాది. కుదుపులకి కార్డు ఒక్కటే కారణం కాదు, ర్యామ్ ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యకపోవడం, గేమ్ కొత్తగా షేడర్లు (గ్రాఫిక్స్ కోడ్) కంపైల్ చేసుకోవడం, హార్డ్ డిస్క్‌లో గేమ్ పెట్టడం, ఇవన్నీ చూసుకున్నాకే కార్డుని అనండి.

కార్డులో నుంచి సన్నగా కీచుమని సౌండ్ వస్తాది. పాడైపోయిందా?

అది కాయిల్ వైన్. పెద్ద కార్డుల్లో మామూలే, పాడైనట్టు కాదు, వారంటీ కింద మార్చడం కూడా అరుదు. ఫ్రేములకి మానిటర్ రిఫ్రెష్ రేట్ దగ్గర హద్దు పెడితే చాలావరకు తగ్గుతాది.

సెకండ్ హ్యాండ్ 4090 దొరుకుతా ఉండాది. మైనింగ్ కార్డేమో అని అనుమానం.

ఎథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ గ్రాఫిక్స్ కార్డుల మీద ఆగిపోయింది 2022 సెప్టెంబర్ 15న, 4090 అమ్మకానికి వచ్చింది 2022 అక్టోబర్ 12న. కాబట్టి మైనింగ్ భయం 30 సిరీస్ కార్డులకి ఎక్కువ సరిపోతాది. 4090కి వేరే అనుమానాలుండాలి. 2023లో అమెరికా చైనాకి ఆ కార్డు అమ్మకాల మీద ఆంక్షలు పెట్టినాక, వాటి చిప్‌లు ఊడదీసి వేరే బోర్డుల మీద వేసుకోవడం మొదలైంది, చిప్పే లేని ఖాళీ 4090లు పెట్టెలో పెట్టి అమ్మిన కేసులు బయటపడ్డాయి. కాబట్టి ఫొటో చూసి అడ్వాన్స్ పంపొద్దు. పోయి, వాళ్ళ పీసీలోనే పెట్టించి, ముప్పై నిమిషాలు లోడ్ మీద నడిపించి, మెమరీ టెంపరేచర్ హెచ్‌డబ్ల్యూ ఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూసి, 100 దాటకుండా ఉంటే, కనెక్టర్ లోపల గోధుమ రంగు మచ్చలు లేకపోతే, అసలు బిల్లు చేతికిస్తే, అప్పుడు రేటు మాట్లాడండి. వారంటీ స్టిక్కర్ చింపిన కార్డు ఎంత తక్కువకి వచ్చినా వద్దు.

మావాడు ఇంజినీరింగ్ చదువుతా ఉండాడు, ఏఐ నేర్చుకోడానికి 5090 కావాలంటాడు. నిజమేనా సార్?

నిజంలో కొంత ఉంది సార్. మోడల్స్ ఇంట్లో నడపాలంటే వీరామ్ ఎంత ఉంటే అంత పెద్ద మోడల్ పడతాది, 32 జీబీ అందుకు పనికొస్తాది, ఏఐ సాఫ్ట్‌వేర్ వాడుకునే క్యూడా (CUDA) ఎన్విడియాలో ఉండడం వల్ల దాన్నే అడగడమూ సరే. కానీ నేర్చుకునే దశకి 16 జీబీ 5070 టీఐ, లేదా 5060 టీఐలో 16 జీబీ మోడల్ బాగా సరిపోతాది. పెద్ద పని వచ్చినప్పుడు క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకి తీసుకోవచ్చు. రెండేళ్ళు దాంతో పని చేసి అది చాలడం లేదని చూపిస్తే అప్పుడు కొనివ్వండి.

కొత్త తరం వచ్చేదాకా ఆగమంటారా?

3090 వచ్చింది 2020 సెప్టెంబర్, 4090 2022 అక్టోబర్, 5090 2025 జనవరి. రెండేళ్ళకి పైనే పడతా ఉండాది ఒక్కో తరానికి. ఇప్పుడున్న కార్డుతో మీ గేమ్స్ ఆడగలుగుతా ఉంటే ఆగండి, ఆడలేకపోతా ఉంటే ఆగొద్దు.

పాత కార్డు ఎప్పుడు అమ్మాలి?

కొత్తది పైన చెప్పిన టెస్టులన్నీ పాసయ్యాక. కొత్తదాంట్లో తేడా వచ్చి సర్వీస్ సెంటర్‌కి పంపాల్సొస్తే వారాలు పట్టొచ్చు, అప్పుడు పీసీ నడవడానికి పాతది కావాలి. పెట్టె, బిల్లు, అడాప్టర్ కేబుల్ అన్నీ కలిపి ఉంటే రేటు బాగా వస్తాది, కాబట్టి కొత్తదాని పెట్టె కూడా అటక మీద భద్రంగా పెట్టండి, అమ్మ పాత సామాన్లవాడికి వేసెయ్యకుండా చెప్పండి.